కొండ అడవికి వెళ్తే ఎక్కడ దిగాలి?



పొరుగూరు వెళ్లి వచ్చినవాళ్లను మన వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎక్కడ దిగారండీ?" అని. మద్రాసు వెళ్లినా, బెంగళూరు వెళ్లినా ఈ ప్రశ్నకు జవాబు ఏదైనా పెద్ద తేడా రాదు. రైల్వే స్టేషను దగ్గర లాడ్జిలో దిగినా, మేనమామ ఇంట్లో దిగినా ఊరు ఊరే. సిటీ బస్సో ఆటోనో ఎక్కితే కావలసిన చోటికి చేరిపోతాం. కొండల మీది అడవికి వెళ్లినప్పుడు అలా కాదు. ఎక్కడ దిగామన్నదాన్ని బట్టే మనకు ఏం కనబడుతుందో, ఏం కనబడదో తేలిపోతుంది. రాత్రి క్షేమంగా నిద్రపోతామా, చెక్‌పోస్టు దగ్గర కారులో తెల్లవారే దాకా కూర్చుంటామా అన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మనం దిగిన చోటు ఏ జంతువు దారికి అడ్డంగా ఉందన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది. ఈనాటి ప్రసంగంలో ఈ విషయాన్ని ఒక్క అడవిని ఉదాహరణగా తీసుకొని చెప్పుకుందాం. అది నీలగిరి కొండల దాపున ఉన్న ముదుమలై జాతీయ వనం.

ముదుమలైని ఎంచుకోవడానికి కారణం ఉంది. హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్లారి వైపు ఉన్న మన తెలుగు కుటుంబాలు మైసూరు మీదుగా ఊటీకి వెళ్లేటప్పుడు ఈ అడవిని దాటే వెళ్తాయి. కోయంబత్తూరు, తిరుప్పూరు వైపు తెలుగువాళ్లు మేట్టుపాళయం మీదుగా ఊటీ చేరి, మరునాడు అటు నుంచి ఈ అడవిలోకి దిగుతారు. అంటే మన వాళ్లలో కొందరికి ఇది ఊటీకి ముందు వచ్చే అడవి, కొందరికి ఊటీ తర్వాత వచ్చే అడవి. ఇద్దరూ చేసే పొరపాటు మాత్రం ఒకటే. ఊటీలో గది తీసుకొని, అడవిని ఒక పూట పనిగా పెట్టుకుంటారు.

ముందు ఈ ప్రాంతపు నైసర్గిక రూపం కొంచెం తెలుసుకోవాలి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు ఇది. తమిళనాడులో ముదుమలై, దానికి ఉత్తరాన కర్ణాటకలో బందీపూర్, పడమట కేరళలో వయనాడు. ముదుమలైకీ బందీపూర్‌కూ మధ్య మోయారు నది సరిహద్దుగా పారుతుంది. ముదుమలైని 1940లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అందులో కొంత భాగం తర్వాత జాతీయ వనమైంది. 2007లో మొత్తం పులుల అభయారణ్యమైంది. దాని నడిమి భాగమే 321 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అవతలి బందీపూర్, 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైనప్పుడే అందులో చేరింది. ఈ అడవులన్నిటినీ కలుపుకొని 1986లో ఏర్పడిన నీలగిరి జీవావరణ ప్రాంతం మన దేశంలో మొదటిది.

ఎత్తుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఊటీ సముద్ర మట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అడవికి ముఖద్వారమైన తెప్పక్కాడు, దాని పక్కనున్న మసినగుడి ఊరు సుమారు వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటుగా ఉంటాయి. అంటే ఊటీకీ ఈ అడవికీ మధ్య ఒక కిలోమీటరుకు పైగా నిలువు దిగుడు ఉంది. ఊటీలో జనవరి రాత్రి గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. అదే రాత్రి మసినగుడిలో ఒక దుప్పటితో సరిపోవచ్చు. ఊటీ వేరు, అడవి వేరు. ఒకచోట ఉండి రెండోదాన్ని చూడాలంటే ఘాట్ రోడ్డు ఎక్కి దిగాల్సిందే.

ఇక బస సంగతికి వద్దాం. ముదుమలై చూడదలచినవాళ్లకు ఐదు చోట్లున్నాయి. పైన ఊటీ, పడమట గూడలూరు, అడవి నడుమ తెప్పక్కాడు, తూర్పున మసినగుడి, ఉత్తరాన కర్ణాటక వైపు బందీపూర్, గుండ్లుపేట. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది ఊటీ. గదులకు కొదవ లేదు. ధర్మసత్రం లాంటి లాడ్జి మొదలు రాజభవనం లాంటి హోటలు దాకా అన్నీ ఉన్నాయి. పూల తోట, సరస్సు, 1908లో ఊటీ దాకా వచ్చిన, 2005లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కొండ రైలు, అన్నీ అక్కడే. ఊటీ చూడ్డానికి వెళ్తే ఊటీలోనే దిగండి. అడవి చూడ్డానికి మాత్రం అది సరైన చోటు కాదు. ఎందుకో లెక్క చూడండి. ఊటీ నుంచి గూడలూరు మీదుగా తెప్పక్కాడు సుమారు 67 కిలోమీటర్లు. కొండ దిగాలి కనుక రెండు గంటలకు తక్కువ పట్టదు. అడవిలో జంతువులు బాగా తిరిగేది తెల్లవారు జామున, మళ్లీ పొద్దు వాలాక. అటవీ శాఖ వాహనాలు అందుకే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి సందర్శకులను లోపలికి తీసుకువెళ్తాయి. ఉదయపు వాహనాన్ని అందుకోవాలంటే ఊటీలో తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరాలి. బయలుదేరినా గూడలూరు దాటిన తర్వాత తొరప్పళ్లి చెక్‌పోస్టు దగ్గర ఆగిపోవాలి. అడవి రోడ్డు రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా మూసి ఉంటుంది. అంటే ఊటీలో దిగినవాడికి అడవిలోని తెల్లవారు జాము దక్కదు.

మరి దగ్గరి దారి లేదా అంటే ఉంది. ఊటీ నుంచి కల్హట్టి మీదుగా మసినగుడికి 30 కిలోమీటర్లే. కానీ ఆ దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. దిగుడు చాలా నిటారు. 2018 అక్టోబరులో ఏడుగురితో దిగుతున్న ఒక కారు ఆ మలుపుల్లో లోయలో పడిపోయింది. రెండు రోజుల దాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత బయటి ఊళ్ల కార్లను ఆ దారిన కిందికి దిగనివ్వడం మానేశారు. మసినగుడి నుంచి పైకి ఎక్కవచ్చు, ఊటీ నుంచి కిందికి దిగడం మాత్రం స్థానిక వాహనాలకూ బస్సులకే. కనుక పటంలో 30 కిలోమీటర్లని చూసి, అర పూటలో వెళ్లి వద్దామని ఊటీలో గది తీసుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెండోది గూడలూరు. ఇది మూడు రాష్ట్రాల దారులు కలిసే కూడలి. చిన్న పట్టణం. చుట్టూ తేయాకు తోటలు. మధ్యరకం లాడ్జీలు, భోజనశాలలు, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. కేరళ వైపు నుంచి వచ్చేవాళ్లకూ, వెంట పెద్దవాళ్లున్నవాళ్లకూ ఇది అనువైన చోటు. ఇక్కడి నుంచి తెప్పక్కాడు 18 కిలోమీటర్లలోపే. అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ కుండపోత వర్షాలు. నైరుతి గాలి మోసుకొచ్చిన మబ్బు ముందు ఈ పడమటి వాలు మీదే కురుస్తుంది. తూర్పున ఉన్న మసినగుడికి వచ్చేసరికి ఆ మబ్బులో నీరు తగ్గిపోతుంది. అందుకే ఒకే అడవికి ఒక అంచున పచ్చని చెమ్మ నేల, ఇంకో అంచున ముళ్ల పొదల మెట్ట నేల కనిపిస్తాయి. వర్షాకాలంలో వెళ్లేవాళ్లు ఈ తేడా చూసుకొని బస ఎంచుకోవాలి.

మూడోది తెప్పక్కాడు. ఇది అడవి నడిమధ్య, మోయారు ఒడ్డున ఉంది. అటవీ శాఖవారి ఏనుగుల శిబిరం ఇక్కడే. 2023లో ఆస్కార్ బహుమతి పొందిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అనే చిన్న చిత్రంలో మనం చూసిన బొమ్మన్, బెళ్లి దంపతులు తల్లిలేని ఏనుగు పిల్లలను సాకింది ఈ శిబిరంలోనే. తెప్పక్కాడు, కార్‌గుడి, అభయారణ్యం, మసినగుడి, ఈ నాలుగు చోట్లా అటవీ శాఖవారి విడుదులున్నాయి. గదులు తక్కువ. హంగులు లేవు. రాత్రి బయటకు రాకూడదు. భోజనం వాళ్లు వండిందే. అయినా ఈ అడవిని నిజంగా చూడాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన చోటు లేదు. పొద్దున కళ్లు తెరిస్తే వాకిట్లో చుక్కల జింకలుంటాయి. సఫారీ వాహనం దగ్గరికి నడిచో, రెండు నిమిషాల్లో బండి మీదో చేరవచ్చు. చెక్‌పోస్టు గొడవ లేదు. మనం ఇచ్చిన డబ్బు అడవి చూసుకునే శాఖకే చేరుతుంది. వీటిని ముందుగా అటవీ శాఖ ద్వారానే కేటాయించుకోవాలి. సెలవు రోజుల్లో చాలా ముందుగా అడిగితే తప్ప దొరకవు. నేరుగా వెళ్లి బతిమాలితే గది ఇస్తారనుకోవద్దు.

నాలుగోది మసినగుడి. తెప్పక్కాడు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. చిన్న ఊరు. ఒక బజారు, గుడి, బడి, జీపుల స్టాండు. ఊళ్లో లాడ్జీలున్నాయి, ఇళ్లలోనే అతిథులకు గదులిచ్చేవాళ్లున్నారు. ఊరు దాటితే బొక్కాపురం, మావనళ్ల వైపు తోటల నడుమ కట్టిన రిసార్టులున్నాయి. ముదుమలై వెళ్లేవాళ్లలో చాలామంది ఇక్కడే దిగుతారు. జాగ్రత్తగా ఆలోచించవలసిందీ ఇక్కడే. దీని గురించి కాసేపట్లో విడిగా చెప్తాను.

ఐదోది కర్ణాటక వైపు. బందీపూర్‌లో అక్కడి అటవీ శాఖవారి కుటీరాలు, కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన జంగిల్ లాడ్జెస్ వారి విడిది ఉన్నాయి. 20 కిలోమీటర్ల ఇవతల గుండ్లుపేట పట్టణంలో మామూలు లాడ్జీలున్నాయి. హోసూరు, కోలారు, బళ్లారి వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇది మొదట తగిలే చోటు. బందీపూర్ నుంచి తెప్పక్కాడు సుమారు 15 కిలోమీటర్లే కనుక ఇక్కడ దిగి పగటి పూట రెండు అడవులూ చూడవచ్చు. ఒక్క హెచ్చరిక. బందీపూర్ పరిసరాల్లో పులుల దాడుల్లో మనుషులు చనిపోవడంతో 2025 నవంబరులో కర్ణాటక ప్రభుత్వం అక్కడా, నాగరహొళెలోనూ సఫారీలను నిలిపివేసింది. ఇలాంటి నిర్ణయాలు ఏ అడవిలోనైనా, ఎప్పుడైనా రావచ్చు. వేసవిలో కార్చిచ్చు భయం ఉన్నప్పుడు కూడా అడవి మూస్తారు. కనుక గదికి డబ్బు కట్టే ముందు సఫారీ నడుస్తున్నదా అని అడగడం మరవకూడదు.

ఇప్పుడు ఆ రాత్రి మూసివేత సంగతి. బందీపూర్ మీదుగా పోయే రోడ్ల మీద రాత్రి పూట లారీలు, కార్ల కింద పడి జంతువులు చనిపోతుంటే, 2009లో చామరాజనగర జిల్లా అధికారులు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపారు. కర్ణాటక హైకోర్టు 2010లో దాన్ని సమర్థించింది. అంబులెన్సులకూ, లెక్క పెట్టిన కొద్ది బస్సులకూ మాత్రమే మినహాయింపు. దీని వల్ల బసకు ఏం సంబంధమంటే చాలా ఉంది. హోసూరు నుంచి ఒక కుటుంబం మధ్యాహ్న భోజనం చేసి రెండు గంటలకు బయలుదేరిందనుకోండి. బెంగళూరు రద్దీ దాటి, మైసూరులో కాఫీ తాగి, గుండ్లుపేట చేరేసరికి ఎనిమిదిన్నర. ఇక అడవి రోడ్డు అందదు. మసినగుడిలో డబ్బు కట్టిన గది అక్కడ ఖాళీగా ఉంటుంది, వీళ్లు ఇక్కడ పిల్లలతో కారులో ఉంటారు. కనుక మధ్యాహ్నం బయలుదేరేవాళ్లు మొదటి రాత్రికి మైసూరులోనో గుండ్లుపేటలోనో దిగి, తెల్లవారాక అడవి దాటడం మంచిది. అడవి అవతల గది ఉంటే, చీకటి పడక ముందే చెక్‌పోస్టు దాటేలా ఇంటి నుంచి బయలుదేరాలి.

ఇంకొక సంగతి ఈ-పాస్. నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి వాహనాల సంఖ్య తెలుసుకోవడానికి, తగ్గించడానికి మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో రోజుకు మామూలు రోజుల్లో 6 వేలు, శని ఆదివారాల్లో 8 వేల వాహనాలని పరిమితి కూడా విధించారు. గూడలూరు, మసినగుడి, తెప్పక్కాడు కూడా నీలగిరి జిల్లాలోనివే కనుక, ఊటీకి వెళ్లకపోయినా ఈ నిబంధన వర్తిస్తుంది. ఏ తేదీకి గది తీసుకుంటున్నామో ఆ తేదీకే పాస్ తీసుకోవాలి. ఈ రెండూ చేతిలో ఉన్నాకే బండి తీయండి. నీళ్ల ప్లాస్టిక్ సీసాలకు ఈ జిల్లాలో నిషేధం ఉంది. స్టీలు చెంబో, సీసానో వెంట పెట్టుకోండి.

శ్రోతలారా, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మసినగుడి చుట్టూ ఉన్న నేలను సీగూరు పీఠభూమి అంటారు. దాని దక్షిణాన నీలగిరి కొండ గోడలా లేస్తుంది. ఉత్తరాన మోయారు నది కోసిన లోతైన లోయ ఉంది. ఈ రెంటి నడుమ ఉన్నది ఒక సన్నని పట్టీ. పడమటి అడవుల నుంచి తూర్పున సత్యమంగళం అడవులకు ఏనుగులు వెళ్లాలంటే ఈ పట్టీ మీదుగానే వెళ్లాలి. కొండ ఎక్కలేవు, లోయ దూకలేవు. పడమటి కనుమలకూ తూర్పు కనుమలకూ మధ్య ఏనుగులకున్న వంతెన ఇది.

ఏనుగు ఒక చోట స్థిరంగా ఉండే జంతువు కాదు. పెద్ద ఏనుగు రోజుకు నూట యాభై కిలోల దాకా మేత మేస్తుంది, నూరు లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఒక మంద ఒకే చోట నెల రోజులుంటే ఆ చోట ఆకు మిగలదు. అందుకే వానలను బట్టి, నీళ్లను బట్టి తరం నుంచి తరానికి ఒకే దారిన నడుస్తూ ఉంటాయి. తల్లి నడిచిన దారిన పిల్ల నడుస్తుంది. ఆ దారికి అడ్డంగా కంచె వేసి, కరెంటు తీగ లాగి, మధ్యలో ఈత కొలను కడితే ఏనుగు ఏం చేస్తుంది? చుట్టు తిరిగి ఊరి పొలాల్లో పడుతుంది. లేకపోతే కంచె తోసుకొని వస్తుంది. రెండు విధాలుగానూ నష్టం అక్కడి రైతుకూ, కూలికీ, ఏనుగుకూ. విడిది యజమానికీ, రెండు రాత్రులుండి వెళ్లే మనకూ కాదు.

ఈ తగువు కోర్టుల దాకా వెళ్లింది. 2010లో తమిళనాడు ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని ఏనుగుల దారిగా ప్రకటించింది. 2011లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. రిసార్టుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు మీద అక్కడి రిసార్టులు చాలా వాటికి సీలు వేశారు. 2020 అక్టోబరు 14న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తుది తీర్పు చెప్పింది. ఏనుగుల దారి చెల్లుతుందని, దాన్ని కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానికి ఉందని తేల్చింది. యజమానుల అభ్యంతరాలు విడివిడిగా వినడానికి విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది.

ఆ తీర్పు వచ్చిన మూడు నెలలకే, 2021 జనవరిలో, మసినగుడి దగ్గర ఒక ఏనుగు చనిపోయింది. అప్పటికే ఒంటి మీద గాయాలతో తిరుగుతున్న ఏనుగు అది. ఒక విడిది దగ్గరికి వస్తే, తరమడానికి మండుతున్న వస్తువును దాని మీదికి విసిరారు. అది చెవికి అంటుకొని, ఆ మంటతోనే ఏనుగు చీకట్లోకి పరుగెత్తిన దృశ్యం దేశమంతా చూసింది. వైద్యం కోసం తెప్పక్కాడు తీసుకువెళ్తుండగా దారిలో ప్రాణం పోయింది. నిందితులను అరెస్టు చేశారు. దాన్ని అంత రోజులు మందులిస్తూ కనిపెట్టుకొని ఉన్న అటవీ సిబ్బంది ఏడవడం కూడా అందరూ చూశారు.

ఇది చెప్పింది మసినగుడి వెళ్లవద్దని కాదు. ఆ ఊళ్లో జీపు నడిపేవాళ్లు, వంటవాళ్లు, టీకొట్టువాళ్లు, దారి చూపే గిరిజన యువకులు, అందరూ మన రాకపోకల మీదే బతుకుతున్నారు. రిసార్టులు మూసినప్పుడు పని పోయినవాళ్లలో వాళ్లే ఎక్కువ. కాబట్టి చేయవలసింది వెళ్లడం మానడం కాదు, ఎవరి దగ్గర దిగుతున్నామో చూసుకోవడం. ఊరి నడుమ, ఇళ్ల మధ్య ఉన్న లాడ్జిలోనో, అనుమతి ఉన్న ఇంటి విడిదిలోనో దిగితే డబ్బు ఊరివాళ్లకు చేరుతుంది, ఏనుగు దారికి కొత్త అడ్డం రాదు. ఊరికి దూరంగా, చుట్టూ అడవి తప్ప ఇంకేమీ లేదని గొప్పగా చెప్పుకునే విడిది గురించి మాత్రం రెండు సార్లు ఆలోచించండి. చుట్టూ అడవే ఉంటే, ఆ కట్టడం అడవిలో ఉన్నట్టే గదా.

అందుకని డబ్బు కట్టే ముందు ఫోనులో కొన్ని ప్రశ్నలు అడగండి. మొగమాటం అక్కర లేదు. మొదటిది, మీ విడిది ఏ ఊళ్లో, ఏ వీధిలో ఉంది, చెక్‌పోస్టుకు ఇవతలా అవతలా? రెండోది, పంచాయతీ అనుమతి, పర్యాటక శాఖలో నమోదు ఉన్నాయా? ఉన్నవాళ్లు వెంటనే చెప్తారు. లేనివాళ్లు మాట మారుస్తారు. మూడోది, రాత్రి పూట ఏం ఏర్పాట్లున్నాయి? ఈ ప్రశ్నకు "రాత్రి జీపులో అడవికి తీసుకెళ్లి ఏనుగులు చూపిస్తాం, మంట వేసి పాటలు పెడతాం" అని జవాబు వస్తే ఆ చోటు వదిలేయండి. రాత్రి సఫారీకి అనుమతి ఎవరికీ లేదు. పట్టుబడితే జరిమానా మనకూ పడుతుంది. పట్టుబడకపోతే, చీకట్లో పిల్లలున్న ఏనుగు ఎదురైతే ఇంకా ప్రమాదం. నాలుగోది, మిగిలిన అన్నం, చెత్త ఏం చేస్తారు? పెరట్లో పారవేసే చోటికి అడవి పందులు, కోతులు, ఎలుగులు అలవాటు పడతాయి. జింకలు వస్తాయని ఉప్పు చల్లే చోట్లూ, మేత వేసే చోట్లూ ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. జింక వెంట చిరుత వస్తుందని మరవవద్దు. ఐదోది, సఫారీకి మీరు పంపిస్తారా, మేమే వెళ్లాలా? అసలు సఫారీ అంటే అటవీ శాఖ వాహనం. ఊరి చుట్టూ రోడ్ల మీద తిప్పే జీపు వేరు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడేవాళ్లుంటారు.

ఇంట్లో ఎవరెవరు వస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లుంటే ఊటీ చలి కంటే కింది ఊళ్లు నయం. కానీ అడవి మధ్య విడిదిలో రాత్రి ఆసుపత్రి అవసరం పడితే కష్టం. అలాంటి కుటుంబానికి గూడలూరో, గుండ్లుపేటో మేలు. చంటిపిల్లలున్నవాళ్లకు వేడి నీళ్లు, పాలు దొరికే ఊరి లాడ్జి సుఖం. నలుగురు స్నేహితులో, అడవి మీద ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులో వెళ్తే అటవీ శాఖ విడిదికే ముందుగా ప్రయత్నించాలి. ఊటీ కూడా చూడాలంటే రెండు రాత్రులు అడవి అంచున, ఒక రాత్రి పైన అని పంచుకోండి. మైసూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు అడవి ముందు వస్తుంది కనుక ఈ క్రమం సులువు. కోయంబత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు ఊటీలో ఒక రాత్రి ఉండి, పగటి పూట గూడలూరు మీదుగా దిగాలి. తిరిగి వెళ్లేటప్పుడు కల్హట్టి మీదుగా పైకి ఎక్కవచ్చు.

గది దొరికాక పాటించవలసినవి నాలుగే మాటలు. చీకటి పడ్డాక గుమ్మం దాటి నడవవద్దు. పగలైనా అడవి రోడ్డు మీద బండి ఆపి దిగవద్దు, ఫొటో కోసం ఏనుగు దగ్గరికి పోవద్దు. కోతికీ జింకకూ తినడానికి ఏమీ పెట్టవద్దు. పాటలు, హారన్లు వద్దు. అడవిలో వినవలసినవి వేరే ఉన్నాయి. పొద్దు గుంకే వేళ చుక్కల జింక ఒక్కసారిగా కూత పెట్టి, చెట్టు మీద కొండముచ్చు అందుకుందంటే పులో చిరుతో కదిలిందని అర్థం. మనం గోల చేస్తే ఆ కబురు మనకు వినబడదు.

ఇంత దూరం రాలేని మన శ్రోతలకు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకు సాత్పురా కొండల్లో మేళ్‌ఘాట్ అడవి, అందులో గుగామల్ జాతీయ వనం ఉన్నాయి. అక్కడ చిఖల్‌దరా అనే కొండ ఊరు ఊటీ లాంటిది, సెమాడోహ్ తెప్పక్కాడు లాంటిది. ఒడిశాలో ఉన్నవాళ్లకు మయూర్‌భంజ్ జిల్లాలో 2025లో జాతీయ వనంగా ప్రకటించిన సిమిలిపాల్ ఉంది. దానికి బారిపదా వైపు నుంచి ఒక దారి, జశీపూర్ వైపు నుంచి ఒక దారి ఉన్నాయి. వర్షాకాలంలో మూసేస్తారు. ఏ అడవికైనా ముందు అడగవలసినవి అవే ప్రశ్నలు. లోపలికి పోయే ద్వారం ఎక్కడ? అది ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు? నేను దిగే చోటు దానికి ఎంత దూరం? ఆ చోటు ఎవరి నేల మీద, ఎవరి దారిలో ఉంది?

కిటికీలోంచి కొండ బాగా కనబడుతుందా అన్నది చివరి ప్రశ్నగా పెట్టుకోండి. మొదట ద్వారం, తర్వాత వేళ, ఆ తర్వాత అనుమతి. ఈ మూడూ సరిపోయిన గది చిన్నదైనా, నేల మీద చాప పరిచినదైనా మంచి గదే. కొండ అడవి మనకు రెండు రోజుల వినోదం. అక్కడి ఊళ్లకు అది జీవనం, అక్కడి ఏనుగులకు అది తరతరాల దారి. వాళ్లకు చోటు మిగిలేలా మనం దిగితే, మన పిల్లలు వాళ్ల పిల్లలను తీసుకొని వెళ్లినప్పుడు కూడా ఆ మోయారు ఒడ్డున ఏనుగుల మంద నీళ్లు తాగుతూ కనబడుతుంది.